మారేదాన్ని మారేచోటే ఉంచడం: ఐటీ కెరీర్‌కు సాఫ్ట్‌వేర్ డిజైన్ సూత్రాలు

వరంగల్, హనుమకొండల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఐటీలో పనిచేసేవాళ్లెవరైనా తారసపడితే మొదట అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నా, జావా నేర్చుకోవాల్నా, పైథాన్ నేర్చుకోవాల్నా?" ఉద్యోగంలో చేరి మూడు నాలుగేళ్లయినవాళ్ల దగ్గర అదే ప్రశ్న క్లౌడా, డేటానా, ఏఐనా అన్న రూపంలో వినిపిస్తుంది. ప్రశ్న సహజమే. కానీ దానికంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉంది. కెరీర్ అనే పెద్ద పనిని మనం ఏ ప్రాతిపదికన భాగాలుగా విడగొట్టుకుంటున్నాం? సాఫ్ట్‌వేర్ డిజైన్‌లో ఈ విడగొట్టడం గురించి యాభై ఏళ్లకు పైగా లోతైన చర్చ జరిగింది. ఆ సూత్రాలతో రోజూ ఆఫీసులో పనిచేసేవాళ్లు కూడా వాటిని సొంత ఉద్యోగ జీవితానికి అన్వయించి చూసుకోవడం అరుదు.

మన ఇళ్లల్లో ప్రణాళిక అంటే మెట్ల వరుస. పదో తరగతి, ఇంటర్‌లో ఎంపీసీ, ఎప్‌సెట్ ర్యాంకు, కన్వీనర్ కోటాలో కంప్యూటర్ సైన్స్ సీటు, క్యాంపస్ ప్లేస్‌మెంట్, హైదరాబాద్‌లో రెండేళ్లు, ఒక స్విచ్ (కంపెనీ మారడం), ఆన్‌సైట్ (విదేశంలో క్లయింట్ దగ్గర పని), ఆ తర్వాత ఇల్లు. ఒక మెట్టు దాటితేనే రెండోది అందుతుంది. సాఫ్ట్‌వేర్ భాషలో ఇలా పని జరిగే క్రమాన్ని గీసిన బొమ్మను ఫ్లోచార్ట్ అంటారు. ఫ్లోచార్ట్‌ను పట్టుకుని డిజైన్ చేస్తే ఏమవుతుందో చూపించిన పరిశోధనా వ్యాసం ఒకటి ఉంది. ఈ చర్చకంతటికీ పునాది అదే కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

1972 డిసెంబరులో, అప్పటికి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్, ఒక ప్రోగ్రామును మాడ్యూళ్లుగా (విడివిడి భాగాలుగా) విడగొట్టడానికి ఏ కొలబద్ద వాడాలన్న విషయం మీద ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. ఉదాహరణగా ఆయన తీసుకున్నది ఒక సూచిక తయారుచేసే ప్రోగ్రాము. కొన్ని పంక్తులు ఇస్తే, ఒక్కొక్క పంక్తిలోని మొదటి పదాన్ని తీసి చివర చేరుస్తూ పోగా వచ్చే రూపాలన్నింటినీ అది అక్షరక్రమంలో పేర్చి ఇవ్వాలి. దీన్ని ఆయన రెండు విధాలుగా విడగొట్టి చూపించారు. మొదటి విధంలో పని జరిగే క్రమమే విభజన: చదవడం ఒక మాడ్యూల్, పదాలను తిప్పడం ఒకటి, పేర్చడం ఒకటి, ముద్రించడం ఒకటి. చూడటానికి చక్కగానే ఉంటుంది. అయితే పంక్తులు మెమరీలో ఏ రూపంలో నిల్వ ఉన్నాయన్న సంగతి ఈ మాడ్యూళ్లన్నింటికీ తెలిసి ఉండాలి. రేపు ఆ రూపం మారితే అన్నింటినీ తిరగరాయాలి. రెండో విధంలో ఆయన మారే అవకాశమున్న నిర్ణయాలేమిటో ముందు గుర్తించి, ఒక్కొక్క నిర్ణయాన్ని ఒక్కొక్క మాడ్యూల్ లోపల దాచారు. నిల్వ రూపం ఒక్క మాడ్యూల్‌కే తెలుసు. అది మారితే మారేది ఆ ఒక్కటే. ఫ్లోచార్ట్‌తో విభజన మొదలుపెట్టడం దాదాపు ఎప్పుడూ పొరపాటేనని, కష్టమైన నిర్ణయాల జాబితాతో, మారబోయే నిర్ణయాల జాబితాతో మొదలుపెట్టాలని ఆయన తేల్చారు.

మన మెట్ల వరుసకు ఈ కొలబద్ద పెట్టి చూడండి. హైదరాబాద్‌లో పెద్ద సర్వీస్ కంపెనీలు ఏటా వేలాదిగా ఫ్రెషర్లను తీసుకుంటూనే ఉంటాయన్న ఊహ ఒకటి అన్ని మెట్ల కిందా ఉంది. కాలేజీ ఎంపిక, బ్రాంచి ఎంపిక, తీసుకున్న అప్పు, అక్కయ్య పెళ్లి ముహూర్తం దాకా అన్నీ ఆ ఊహను పట్టుకునే నడుస్తాయి. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలోనూ మొత్తం ఉద్యోగుల సంఖ్య అంతకుముందు ఏడాది కంటే తగ్గింది. ఆ ఒక్క మార్పుతో ఎన్నో ఇళ్లల్లో ప్రణాళిక మొత్తం తలకిందులైంది. చదివిన పిల్లల్లో లోపం వెతకడం కంటే, మారడానికి అవకాశమున్న ఒక ఊహను ప్రణాళిక నిండా పరచడంలో లోపం చూడటం న్యాయం.

ఊహాజనితమైన ఒక ఉదాహరణ తీసుకుందాం. పరకాల దగ్గరి పల్లె నుంచి వచ్చి వరంగల్‌లో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్న అమ్మాయి. బాపు (నాన్న) పత్తి రైతు. తమ్ముడు ఇంటర్‌లో ఉన్నాడు. రెండు బ్యాక్‌లాగులు (తప్పి, మళ్లీ రాయవలసిన సబ్జెక్టులు) మిగిలాయి. హైదరాబాద్‌లోని అమీర్‌పేటలో నాలుగు నెలల ఫుల్‌స్టాక్ (వెబ్‌సైటు ముందు భాగం, వెనుక భాగం రెండూ కట్టడం) కోర్సులో చేరాలా వద్దా అన్నది ఆమె ముందున్న ప్రశ్న. ఆమె మెట్ల వరుసను పక్కనపెట్టి రెండు జాబితాలు రాసుకుందనుకోండి. మారేవి: ప్రోగ్రామింగ్ భాష, ఫ్రేమ్‌వర్క్, కంపెనీ, నగరం, జీతం, వీసా నిబంధనలు. కొన్నేళ్లపాటు మారనివి: తమ్ముడి చదువుకు ఆమె చేయూత అవసరం కావడం, లెక్కల్లో ఆమెకున్న పట్టు, డేటాతో పనిచేయడం మీద ఇష్టం, ఇంగ్లిష్‌లో మాట్లాడటం మెరుగుపరచుకోవలసి ఉండటం. ఇప్పుడు మొదటి జాబితాలోని ప్రతిదానికీ ఒకే పరీక్ష పెట్టాలి: ఇది మారితే దీనితోపాటు ఇంకేమేం మారవలసి వస్తుంది? జవాబు పొడవుగా వస్తే అక్కడ డిజైన్ సరిగా లేదని అర్థం.

ఇలా ఒకదాని మార్పు ఇంకొకదాన్ని లాగే గుణాన్ని కప్లింగ్ అంటారు. సాఫ్ట్‌వేర్ నిపుణుడు లారీ కాన్‌స్టంటైన్ ఇద్దరు సహరచయితలతో కలిసి 1974లో ఐబీఎం సిస్టమ్స్ జర్నల్‌లో రాసిన వ్యాసంతో ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. కెరీర్‌లో బిగుతైన కప్లింగ్‌కు అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బీని మించిన ఉదాహరణ లేదు. ఉద్యోగం, ఆ దేశంలో ఉండే హక్కు, జీవిత భాగస్వామికి హెచ్-4 మీద ఉండే అనుమతి, పిల్లల బడి, అక్కడ తీసుకున్న ఇంటి అప్పు అన్నీ ఒకే యజమానికి ముడిపడతాయి. ఆ ఉద్యోగం పోతే దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఏటా ఇచ్చే కొత్త వీసాల పరిమితి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000, ఎంపిక లాటరీలో. పైగా 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అక్కడి అధ్యక్షుడి ప్రకటన వెలువడింది. మన చేతిలో లేని నిర్ణయం ఎంత త్వరగా మారగలదో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఉత్తర తెలంగాణకు ఈ బిగుతు కొత్త కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లకు కఫీల్ (వీసాకు పూచీపడే యజమాని) మాటంటే ఏమిటో, అకామా (అక్కడ ఉండేందుకు అనుమతి పత్రం) ఒక యజమాని చేతిలో ఉండటమంటే ఏమిటో బాగా తెలుసు. ఏసీ గదిలో కూర్చుని చేసే ఉద్యోగమైనంత మాత్రాన ముడి స్వభావం మారదు. ఇదంతా విదేశానికి వెళ్లవద్దని చెప్పడానికి కాదు. ఒక ముడి తప్పనిసరిగా బిగుతుగా ఉన్నప్పుడు మిగతావాటిని వదులుగా ఉంచుకోవాలన్నది డిజైన్ చెప్పే మాట. వీసా యజమాని చేతిలో ఉన్నన్నాళ్లు జీతంలో పెద్ద భాగాన్ని ఈఎంఐకి కట్టబెట్టకపోవడం, నైపుణ్యాన్ని ఆ కంపెనీ సొంత టూల్‌కే పరిమితం చేసుకోకపోవడం అలాంటి జాగ్రత్తలే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఒకే క్లయింట్‌కు చెందిన ఒకే అప్లికేషన్‌కు ఐదేళ్లు ప్రొడక్షన్ సపోర్ట్ (వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు సరిచేసే పని) చేసినవాళ్లకు ఆ అప్లికేషన్ గురించి అందరికంటే ఎక్కువ తెలుస్తుంది; ఆ తెలిసినదాంట్లో బయట ఎంత పనికొస్తుందన్నది ఏడాదికోసారైనా వేసుకోవలసిన ప్రశ్న.

కప్లింగ్‌కు తోడుగా చెప్పే రెండో గుణం కొహీషన్. ఒక మాడ్యూల్‌లో ఉన్నవన్నీ ఒకే ప్రయోజనానికి పనిచేయాలన్నది దాని సారం. ఇది లేకపోవడం అన్నిటికంటే ముందు రెజ్యూమెలో బయటపడుతుంది. జావా, స్ప్రింగ్ బూట్, రియాక్ట్, ఏడబ్ల్యూఎస్, డాకర్, కుబర్నెటీస్, పైథాన్, మెషీన్ లెర్నింగ్ అని ఒకే వరుసలో రాసిన ఫ్రెషర్ రెజ్యూమెలు కొల్లలు. చదివేవాళ్లకు ఆ వరుస నుంచి తెలిసేది ఏమీ ఉండదు.

మన ఉదాహరణలోని అమ్మాయి ఆ వరుసకు బదులు ఒక చిన్న పని చేసిందనుకుందాం. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో పత్తి ధరలు ఆమె ఇంట్లో రోజూ మాట్లాడుకునే విషయం. మార్కెట్ యార్డుల రోజువారీ ధరలను కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ పోర్టల్ ప్రచురిస్తుంది. వాటిని రోజూ తీసి, ఒక డేటాబేస్‌లో పెట్టి, నెలవారీ సగటు చూపించే ప్రోగ్రాము రాయడం మొదలుపెడితే మొదటి వారంలోనే చిక్కు ఎదురవుతుంది. సెలవు రోజు ధర ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని సున్నాగా నిల్వ చేస్తే నెల సగటు అమాంతం పడిపోయి, పత్తి ధర కూలిపోయినట్టు గ్రాఫు చూపిస్తుంది. విలువ లేకపోవడం వేరు, విలువ సున్నా కావడం వేరు అన్న సంగతి అక్కడ ఆమెకు తెలుస్తుంది. రెండేళ్ల ధరలు పోగయ్యాక క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) నెమ్మదిస్తే, అది ఎలా నడుస్తోందో ఎక్స్‌ప్లెయిన్ ఆదేశంతో చూసి, టేబుల్ మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా వెతుకుతోందని గ్రహించి, తేదీ కాలమ్‌కు ఇండెక్స్ (వెతుకులాటను త్వరగా ముగించే సూచిక) చేర్చడం నేర్చుకుంటుంది. ఈ రెండు సంగతులనూ రెజ్యూమెలో రెండు వాక్యాలుగా రాస్తే, ఎనిమిది టెక్నాలజీల పేర్ల కంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లకు అడగడానికి ఎక్కువ సరుకు దొరుకుతుంది. ఆమెకు చెప్పడానికీ దొరుకుతుంది.

ఆ ప్రోగ్రామును ఆమె పైథాన్‌లో రాసిందా, జావాలో రాసిందా అన్నది ఇక్కడ చిన్న విషయమైపోయింది. కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1986లో సాఫ్ట్‌వేర్‌లోని కష్టాన్ని రెండుగా విడదీసి చెప్పారు. సమస్యలోనే సహజంగా ఉండే కష్టం ఒకటి, మనం వాడే పనిముట్ల వల్ల వచ్చిపడే కష్టం రెండోది. ఖాళీకీ సున్నాకీ తేడా మొదటి రకం. ఏ లైబ్రరీ ఇన్‌స్టాల్ చేయాలి, ఏ వెర్షన్‌తో ఏది కుదురుతుంది అన్నవి రెండో రకం. రెండో రకం జ్ఞానానికి ఆయుష్షు తక్కువ. ఒకప్పుడు కోర్సులు పెట్టి నేర్పిన వెబ్ పనిముట్లలో ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో, సిల్వర్‌లైట్‌కు 2021 అక్టోబరులో, యాంగ్యులర్‌జేఎస్‌కు 2021 డిసెంబరు 31తో తయారీదారుల మద్దతు ఆగిపోయింది. అదే సమయంలో 1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన, డేటాను పట్టికలుగా చూసే రిలేషనల్ నమూనా, దాని మీద వచ్చిన ఎస్‌క్యూఎల్ భాష, 1969లో మొదలైన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఆలోచనలు, 1983 జనవరి 1న ఇంటర్నెట్‌కు ముందు రూపమైన ఆర్పానెట్‌లో అమల్లోకి వచ్చిన టీసీపీ-ఐపీ నియమాలు ఇప్పటికీ రోజూ అన్నం పెడుతున్నాయి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత కోడ్ రాసిపెట్టే సాధనాలు బాగా పెరిగాయి. అవి ప్రధానంగా తేలిక చేస్తున్నది రెండో రకం కష్టాన్నే అని నా అభిప్రాయం. సెలవు రోజు ధరను ఎలా లెక్కించాలో నిర్ణయించవలసింది సమస్య తెలిసిన మనిషే. కాబట్టి నేర్చుకునే సమయంలో ఎక్కువ భాగం మొదటి రకానికి కేటాయించి, పనిముట్టు విషయంలో ఒకటి ఎంచుకుని కనీసం ఏడాది దాన్ని వదలకుండా ఉండటం మేలు. పైథాన్ 1991లో, జావా 1995లో వచ్చాయి. రెండూ ఇంకా చాలాకాలం ఉంటాయి.

అప్పు విషయం సున్నితమైనదే అయినా దాటవేయలేను. త్వరగా పని ముగించడానికి కోడ్‌లో చేసే సర్దుబాటును ప్రోగ్రామర్ వార్డ్ కనింగ్‌హామ్ 1992లో అప్పుతో పోల్చారు. అప్పు తీసుకోవడం తప్పని ఆయన అనలేదు. త్వరగా తిరగరాసి తీర్చేస్తే అది మేలే చేస్తుందని, తీర్చకపోతే వడ్డీ పెరుగుతుందని అన్నారు. కెరీర్‌లో తీర్చగలిగే అప్పులున్నాయి. ఇంట్లో అవసరం కొద్దీ ఇష్టం లేని టెస్టింగ్ ఉద్యోగంలో చేరి, ఏడాదిలో ఆటోమేషన్ వైపు జరగాలనుకోవడం అలాంటిది. బ్యాక్‌లాగులూ అలాంటివే, వెంటనే తీర్చాలంతే. ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ మాత్రం తీరే అప్పు కాదు. పని చేయని కంపెనీ పేరు మీద మూడేళ్ల అనుభవం చూపించి చేరినవాళ్లు ప్రతి స్విచ్‌లో, ప్రతి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆ అబద్ధానికి వడ్డీ కడుతూనే ఉండాలి. అసలు ఎప్పటికీ తగ్గదు. పీఎఫ్ ఖాతా వివరాలు చూస్తే ఎవరు ఎక్కడ ఎన్ని నెలలు పనిచేశారో తెలిసిపోతుంది. బ్యాక్‌డోర్ ఉద్యోగమని లక్షలు అడిగేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. మూడు నెలల జీతం వేసి ఆ తర్వాత ఆఫీసే ఎత్తేసిన మోసాల వార్తలు హైదరాబాద్‌లో ఎన్నోసార్లు వచ్చాయి. పొలం కుదువపెట్టి తెచ్చిన డబ్బు అలా పోగొట్టుకున్న కుటుంబాల బాధ చూస్తే, దీన్ని కేవలం డిజైన్ లోపమనడానికి నోరు రాదు.

ఒక్కటి చెడితే మొత్తం ఆగిపోయే చోటును సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు. దాని ఫలితం వరంగల్ ఒకసారి చూసింది. 1934లో స్థాపించిన ఆజంజాహీ బట్టల మిల్లు మీద వేలాది కుటుంబాలు బతికాయి. మిల్లు మూతపడ్డాక ఆ కుటుంబాలకు ఇంకో ఆధారం వెంటనే దొరకలేదు. ఇంట్లో ఒక్కరి జీతం, ఆ జీతం ఒక్క కంపెనీలో, ఆ కంపెనీకి ఒక్క పెద్ద క్లయింట్ అన్నప్పుడు పరిస్థితి దానికి దగ్గరగానే ఉంటుంది. దీనికి మందు మిగులు. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో కట్ట పోసేటప్పుడే మత్తడి (మిగులు నీరు బయటికి పోయే దారి) కట్టేవారు. నీరు ఎంత వస్తుందో తెలియదు కాబట్టే అది ఉండాలి, వరద వచ్చిన రోజున కట్టలేం. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే డబ్బు విడిగా ఉండటం అలాంటి ఏర్పాటు. మన కంపెనీల్లో నోటీస్ పీరియడ్ చాలాచోట్ల రెండు మూడు నెలలు ఉండగా, తీసేసేటప్పుడు మాత్రం అంత గడువు దొరుకుతుందన్న భరోసా లేదు. తక్కువ జీతంతో మొదలుపెట్టి ఇంటికి డబ్బు పంపేవాళ్లకు ఆరు నెలల ఖర్చు కూడబెట్టడం ఎంత కష్టమో తెలిసే ఈ మాట అంటున్నాను. రెండు నెలలదైనా సరే, మొదలుపెట్టాలి.

నగరం విషయంలో ఇదివరకు లేని వెసులుబాటు కొంత వచ్చింది. వరంగల్ దగ్గరి మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ కార్యాలయాలు మొదలయ్యాయి. అదే ఏడాది కరీంనగర్‌లో, 2023లో నిజామాబాద్‌లో ఐటీ టవర్లు వచ్చాయి. హైదరాబాద్‌తో పోలిస్తే అవకాశాలు తక్కువే, స్విచ్‌కు చోటు ఇంకా తక్కువ. కానీ దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌లో హాస్టల్ అద్దె కట్టకుండా ఇంట్లో ఉండి మొదటి రెండేళ్లు పనిచేస్తే మిగిలే డబ్బును కూడా లెక్కలో వేసుకోవాలి. ప్యాకేజీ అంకె ఒక్కటే చూస్తే ఆ లెక్క కనబడదు.

ఇంతవరకు చెప్పినదంతా ముడులు వదులు చేసుకోమనే. దీనికి ఒక హద్దుంది. బాపుకు మోకాళ్ల నొప్పులు ముదిరి పొలం చూసుకోలేని రోజు వస్తుందని తెలిసి, ఊరికి మూడు గంటల దూరం దాటి వెళ్లనని ఒక బిడ్డ నిర్ణయించుకుంటే, అది తెలిసి వేసుకున్న ముడి. డిజైన్ లోపం కిందికి రాదు. మంచి ఆర్కిటెక్ట్ కూడా కొన్ని షరతులను మారనివిగా తీసుకుని వాటి చుట్టూ కడతాడు. ఏది మారకూడదో చెప్పవలసింది మనమే. ఆ పని ఏ సూత్రమూ చేయదు.

ఇలాంటి నిర్ణయాలు తలలో ఉంటే ఆర్నెల్లకు రూపు మారిపోతాయి. ఫలానా రోజు ఎందుకలా అనుకున్నామో గుర్తుండదు. ఎవరైనా స్నేహితుడికి ఎక్కువ ప్యాకేజీ వచ్చిందని వినగానే మనది తప్పనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ బృందాల్లో దీనికి ఒక అలవాటుంది. పెద్ద నిర్ణయం తీసుకున్న ప్రతిసారీ సందర్భం, నిర్ణయం, దాని పర్యవసానాలు ఒకటి రెండు పేజీల్లో రాసిపెట్టాలని సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ మైకేల్ నైగార్డ్ 2011లో సూచించారు. పర్యవసానాల్లో మంచితోపాటు చెడూ రాయాలన్నది అందులో ముఖ్యమైన షరతు.

పరకాల అమ్మాయి రాసుకునే పేజీ ఇలా ఉండవచ్చు. సందర్భం: మూడో సంవత్సరం రెండో సెమిస్టర్, రెండు బ్యాక్‌లాగులు, తమ్ముడి ఫీజు, ధరల ప్రాజెక్టు సగంలో ఉంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే కాలేజీలో కట్టడానికి కొంత డబ్బు చేతిలో ఉండాలి. నిర్ణయం: ఏడాదిపాటు పైథాన్, ఎస్‌క్యూఎల్ దాటి పోకూడదు, అమీర్‌పేట కోర్సుకు ఇప్పుడు డబ్బు కట్టకూడదు, బ్యాక్‌లాగులు వచ్చే పరీక్షల్లో రాసేయాలి. పర్యవసానాలు: డబ్బు, నాలుగు నెలల సమయం మిగులుతాయి, జావా మాత్రమే అడిగే కంపెనీలు క్యాంపస్‌కు వస్తే అవి చేజారవచ్చు, ఫుల్‌స్టాక్ నేర్చుకున్న స్నేహితులకు ముందు ఉద్యోగం రావచ్చు. తిరిగి ఆలోచించవలసిన సందర్భం: నాలుగో సంవత్సరం మొదటి సెమిస్టర్ ముగిసేలోపు ఒక్క ఇంటర్వ్యూ పిలుపూ రాకపోతే, లేదా ఇంటి ఖర్చుకు తన జీతం అనుకున్నదానికంటే ముందే అవసరమైతే.